ఒకటో చెరువు

నాకు కోపం ఎక్కువ. నాతో పనిచేసినవాళ్ళెవరిని అడిగినా ఈ మాటే చెబుతారు కనుక, ముందుగా నేనే చెప్పేస్తున్నాను. రొయ్యల చెరువుల నీళ్ళూ మట్టీ పరీక్ష చేసే లాబులోనే నా ఉద్యోగమంతా గడిచింది. అక్కడ నేను పగలగొట్టిన గాజు సామాను కన్నా నోటితో విరగ్గొట్టిన మనసులే ఎక్కువని మా ఆయన అంటుంటారు. రిటైరయ్యాక అరవడానికి మనుషులు దొరక్క పెరట్లో బెండమొక్కల మీద అరుస్తున్నాను.

ఇప్పుడు ఇలాంటి లాబుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడటానికి వస్తారు. డీఎన్ఏ తీయడం దగ్గర్నుంచి రిపోర్టు అచ్చు కొట్టేదాకా అంతా మిషనే చేసేస్తుందని, తాము ముట్టుకునేది ట్యూబు మూత ఒక్కటేనని చెబుతారు. వినడానికి నాకూ ముచ్చటగానే ఉంటుంది. కానీ గుమ్మం దిగేముందు ఒక్క ప్రశ్న అడిగి పంపిస్తాను. "ఆ ట్యూబు మీద నంబరు ఎవరు వేశారమ్మా?" ఎందుకలా అడుగుతానో వాళ్ళకి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. చెప్పుకోవడానికి గొప్ప కథేం కాదది. ఇప్పుడు చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. ముమ్మిడివరం అవతల వరిచేలు చాలావరకు రొయ్యల చెరువులైపోయాయి. టైగర్ రొయ్యకి తెల్లమచ్చ జబ్బు తగిలితే మూడు నాలుగు రోజుల్లో చెరువు చెరువంతా ఊడ్చుకుపోయేది. అమలాపురంలో మాది మూడు గదుల లాబు. ఒక గదిలో రొయ్య డీఎన్ఏలో వైరస్ జాడ పట్టే మిషను. ఇంకో గదిలో చెరువు నీళ్ళలోని బాక్టీరియాని గాజు పళ్ళేలలో పెంచి, చుక్కలు లెక్కపెట్టే పని. పసుపు చుక్కలైతే ఫరవాలేదు, ఆకుపచ్చ చుక్కలు పెరిగితే చెరువులో ఏదో తేడా ఉన్నట్టు. చెరువు అడుగు మట్టిని ఐసు పెట్టెలో సిటీకి పంపిస్తే, అక్కడ పెద్ద మిషన్లు ఆ మట్టిలో ఉన్న బాక్టీరియా డీఎన్ఏ అంతా చదివి, ఏయే జాతులు ఎంతెంత ఉన్నాయో సీడీలో పంపేవి.

ఈ మూడింటి ఫలితాలూ మూడు చోట్ల, మూడు పుస్తకాల్లో ఉండేవి. రైతు ఎంత మేత వేశాడు, రొయ్య ఎంత పెరిగింది అనే చెరువు డైరీలు నాలుగో చోట. ఒక చెరువు గురించి అన్నీ కలిపి చూడాలంటే నాలుగు పుస్తకాలు బల్ల మీద పరుచుకుని, రెండు చేతులూ చాలక మోచేత్తో కూడా పేజీ పట్టుకోవలసి వచ్చేది. ఆ బాధ చూడలేక మా పెద్దసారు పైవాళ్ళ వెంటపడి ఒక ప్రోగ్రాము తెప్పించారు. చెరువు నంబరు కొడితే చాలు, నాలుగు పుస్తకాలూ కలిసిపోయి ఒక్క కాగితం మీద వచ్చేస్తాయి. పైన చెరువుల పటం, ప్రమాదం ఉన్న చెరువుకి ఎరుపు రంగు, భయం లేనిదానికి ఆకుపచ్చ. మొదటి కాగితం ప్రింటర్లోంచి బయటికొచ్చిన రోజు నేను లాబంతటికీ పూతరేకులు పంచాను. చెప్పొద్దూ, నా సొంత బిడ్డ మొదటి మార్కుల కార్డు చూసినా నాకంత సంబరం కలగలేదు.

చిక్కల్లా మా బాబాయిగారితో వచ్చింది. బాబాయిగారంటే మా లాబుకి శాంపిళ్ళు తెచ్చే ఫీల్డ్ మనిషి. అందరికీ ఆయన బాబాయిగారే, పెద్దసారుకి కూడా. మోపెడ్ వెనకాల ఐసు పెట్టె కట్టుకుని రోజుకి పది గట్లు ఎక్కి దిగేవాడు. సేద్యం చేసిన ఇంటినుంచి వచ్చినవాడు. ట్యూబుల మీద ఆయన రాసే రాత ఎలా ఉండేదంటే, "మోటారు షెడ్డు పక్కది", "గెలలు దొంగలెత్తుకుపోయిన కొబ్బరిచెట్టు కింది చెరువు". పుస్తకాల రోజుల్లో అది చదివి నవ్వుకునేవాళ్ళం. ప్రోగ్రాము వచ్చాక నవ్వు రాలేదు.

"బాబాయిగారూ, మీరు రాసే భారతం కంప్యూటరు చదవదండీ. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంకె వెయ్యండి, చాలు," అన్నాను. అన్నాను అంటే మెల్లగా అన్నానని అనుకునేరు. పక్కగదిలో పళ్ళేలు కదిలాయి.

"ఆయ్, అలాగేనండి. అంకెలే వేసేత్తాను," అన్నాడాయన.

డైరీల్లో చెరువులకి అప్పటికే అంకెలున్నాయి. సిటీనుంచి జీపులో వచ్చిన సర్వేవాళ్ళు పటాలు గీసి, అంకెలు వేసి వెళ్ళారు. ఇటు ఆయన అంకె, అటు వాళ్ళ అంకె. ఒకటి ఒకటితో, రెండు రెండుతో కలిశాయి. ఎనిమిది నెలలు బ్రహ్మాండంగా నడిచింది. మా కాగితం చూసి వేళకి పట్టుబడి చేసుకుని, అంటే జబ్బు ముదిరేలోగా రొయ్య పట్టి అమ్ముకుని, గట్టెక్కిన రైతులు అరటిగెలలు తెచ్చి ఇచ్చేవారు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

అప్పుడొచ్చింది ఆవిడ కాగితం.

గోదావరి పాయ ఒడ్డున నాలుగు చెరువులు చేసే ఆడమనిషి ఆవిడ. భర్త గల్ఫులో క్రేను నడుపుతాడు. చెరువులు అందాకా బావగారు, అంటే భర్త అన్నగారు, చూసేవారు. రెండు పంటలు వరసగా పోయాక, "ఈసారి నేను చేత్తానండి" అని ఈవిడ పట్టుబట్టింది. పెద్దల ముందు కూర్చుని మాట అనుకున్నారట. ఈ పంట నిలబడితే చెరువులు ఆవిడవి, తప్పితే మళ్ళీ బావగారి చేతికి. ఈ ముక్క నాకు బాబాయిగారు చెప్పాడు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఆవిడ పొద్దున్నే మేత గిన్నె పట్టుకుని గట్టుమీద నడుస్తుంటే, ఎప్పుడు జారిపడుతుందా అని చూసేవాళ్ళు కూడా ఉన్నారట.

కాగితంలో ఒకటో చెరువు ఎర్రగా ఉంది. వైరస్ జాడ తగిలింది, ఆకుపచ్చ చుక్కలు పెరిగాయి. పటంలో ఒకటో చెరువంటే రోడ్డు పక్కది. రొయ్య ఇంకా చిన్నదే. అయినా ఆలస్యం చేస్తే మొత్తం పోతుంది. బాబాయిగారిని వెంటబెట్టుకుని నేనే స్వయంగా బయలుదేరి వెళ్ళాను.

ఆవిడ కాగితం రెండు చేతులతో పట్టుకుని చూసింది. "రోడ్డు పక్క చెరువాండీ? అందులో రొయ్య బాగా తింటందండి మేడంగారూ. పళ్ళెంలో మేత ఇలా దింపితే అలా ఖాళీ. పాయ పక్క చెరువులోనేనండి రెండ్రోజుల్నించీ మేత మిగిలిపోతంది."

"పాయ పక్కది శుభ్రంగా ఉందమ్మా, ఇదిగో చూడండి, ఆకుపచ్చ రంగు. మేత మిగలడానికి వంద కారణాలుంటాయి. మీ కంటికి కనిపించేసరికి ఇక్కడ ఏమీ మిగలదు."

"ఇంకొక్కసారి చూడకూడదాండీ?"

వెనకాల నుంచున్న బాబాయిగారు గొంతు సవరించుకున్నాడు. "నాకూ పాయ పక్క నీళ్ళ రంగు నచ్చలేదండి. ఇప్పుడే శాంపిల్ తీసుకుపోతే ఎల్లుండికి..."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాళ్ళని మీరు చూసే ఉంటారు. ఆ రోజు నేనే అది. "రంగు చూసి వైరస్ చెప్పేసేవాళ్ళుంటే గవర్నమెంటు ఇన్ని మిషన్లెందుకు కొన్నట్టు బాబాయిగారూ? ఎల్లుండి దాకా ఆగితే ఈవిడ నెత్తిన గుడ్డ వేసుకోవడమే," అన్నాను, గట్టుమీద చేరిన పదిమంది ముందూ. ఆయన తల దించుకుని ఐసు పెట్టె తాడు బిగించుకున్నాడు. బిగించిన తాడునే మళ్ళీ విప్పి బిగించాడు.

మర్నాడు పట్టుబడి. నేనూ ఉన్నాను, నా మాట నెగ్గిందన్న దర్జాతో. వలలోంచి రొయ్యలు టపటపా ఎగిరిపడుతున్నాయి. అంత చురుకైన రొయ్యని నేను అంతకుముందు ఎప్పుడో గానీ చూడలేదు. ఆవిడ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వేలెడంత లేదు, మీసాలు ఆడిస్తోంది.

"ఇది జబ్బు రొయ్యాండీ?"

"జబ్బు లోపల ఉంటుందమ్మా," అన్నాను.

ఆవిడ ఆ రొయ్యని మిగతావాటితో పాటు బుట్టలో వేసింది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

నాలుగో రోజు పొద్దున్న లాబుకి ఫోనొచ్చింది. ఆవిడే. "పాయ పక్క చెరువు మీద కాకులు దిగేయండి," అంది. అంతే. రొయ్యల వాళ్ళకి ఆ ఒక్క మాట చాలు. చావబోయే రొయ్య ఒడ్డుకి వస్తుంది, దాని కోసం కాకి వస్తుంది.

నేనూ బాబాయిగారూ వెళ్ళేసరికి ఒడ్డు పొడుగునా ఎర్రబారిన రొయ్యలు. తలపెంకు ఒలిచి చూస్తే తెల్లమచ్చలు ఉప్పు చల్లినట్టున్నాయి. కాగితం తీశాను. పాయ పక్కది, నాలుగో నంబరు, ఆకుపచ్చ. మళ్ళీ చూశాను. అదే.

"బాబాయిగారూ, ఒకటో నంబరు ట్యూబు మీరు ఏ చెరువులో తీశారు?"

"ఒకటో చెరువులోనండి."

"ఒకటో చెరువు ఏది?"

నేనలా అడుగుతూనే రోడ్డు వైపు చెయ్యి చూపించాను. ఆయన అదే క్షణంలో పాయ వైపు చూపించాడు. ఇద్దరం గట్టుమీద అలా ఎదురుబొదురుగా చేతులు చాపుకుని నిలబడిపోయాం.

"అదేంటండీ అలా అడుగుతారు. నీళ్ళు ముందు తాగేదే ఒకటో చెరువండి. మా తాతల కాడ్నించీ చేలు అలాగే లెక్కెడతామండి. నీళ్ళ బోదె కాడ ఉన్నది ఒకటో మడి. నీళ్ళు ఎటునుంచొత్తే లెక్క అటునుంచేనండి," అన్నాడు. అంటూ అంటూనే ఆయనకీ అర్థమైపోయింది. "మరి వాళ్ళు రోడ్డుకాడ్నించి లెక్కెట్టేరాండీ?"

లెక్కపెట్టారు. జీపు ఆగిన చోటునుంచి. మిగతా రైతుల దగ్గర కాలవ గట్టే రోడ్డు. నీళ్ళు వచ్చే వైపే జీపూ వస్తుంది. అందుకే ఎనిమిది నెలలు ఏ తేడా రాలేదు. ఈవిడకి ఒక్కదానికే రోడ్డు ఒక కొసన, నీళ్ళు రెండో కొసన. ఆయన ఒకటి వాళ్ళ నాలుగు, ఆయన రెండు వాళ్ళ మూడు. జబ్బు చెరువు రిపోర్టుని తీసుకెళ్ళి నిక్షేపంగా ఉన్న చెరువుకి అంటగట్టాను. మిషను అబద్ధమాడలేదు. నీళ్ళు ఎటునుంచి వస్తాయని నేను ఎవర్నీ అడగలేదు.

బాబాయిగారి మీద తోసెయ్యడం ఎంత తేలికో నాకు ఆ క్షణంలో తెలుసు. అంకె ఆయనే వేశాడు మరి. కానీ ఆయన తనకి తెలిసిన రాత రాస్తుంటే, అరిచి, మాన్పించి, అంకె వెయ్యమన్నదెవరు? "పాయ పక్కది" అని ఆయన ఎప్పటిలా రాసి ఉంటే ఇది జరిగేదే కాదు.

ఆవిడ తూము దగ్గర కూర్చుని ఉంది. చేతులకి బ్లీచింగ్ పొడి. జబ్బు నీళ్ళు బయటికి పోకుండా తూము మూసేసి, మట్టి కొట్టించి, బ్లీచింగ్ కలిపిస్తోంది. పక్కన బావగారు కోపంతో ఊగిపోతున్నారు. మురుగుకాలవలోకి నీళ్ళొదిలేసి, బతికున్న రొయ్య ఏదైనా ఉంటే పట్టి అమ్మేసుకోక ఇదేం పనని ఆయన గొడవ. "ఆ కాలవ నీళ్ళు కింద పద్దెనిమిది చెరువులోళ్ళు తోడుకుంటారు బావగారూ," అని మాత్రం అంటోంది ఆవిడ, తల ఎత్తకుండా.

నేను వెళ్ళి ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. రోడ్డు పక్క చెరువుకి ఏ జబ్బూ లేదని కూడా చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండునని ప్రతి మాటకీ అనిపించింది.

ఆవిడ బ్లీచింగ్ చేతులు కొంగుకి తుడుచుకుంది. "నన్నడిగితే చెప్పేదాన్ని కదండీ," అంది. "చిన్నపిల్లనడిగినా చెబుతుందండి ఒకటోది ఏదో." తర్వాత ఆ కొంగుతోనే మొహం తుడుచుకుంది. బ్లీచింగ్ కంట్లో పడిందో, ఏడుపో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

లాబుకి వచ్చి పెద్దసారుకి చెప్పాను. ఆయన భయస్తుడు, రిటైర్మెంటు దగ్గర పడ్డవాడు. ఫ్యాను కేసి చూస్తూ, "ఐసు కరిగిపోయి శాంపిల్ పాడైందని రాద్దామా?" అన్నారు.

"రాస్తే బాబాయిగారి మెడకి చుట్టుకుంటుంది సార్. ఐసు పెట్టె ఆయనది."

ఆయన పెన్ను మూత తీశారు. "సరే, ఉన్నదున్నట్టు రాయండి. నేనూ సంతకం పెడతాను. ఈ ప్రోగ్రాము కావాలని పైవాళ్ళ ప్రాణం తీసింది నేనే కదా," అన్నారు. ఆయన్ని పిరికివాడని ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు. ఆ సంతకం ఆయన నా ముందే పెట్టారు.

ఆ మధ్యాహ్నం అంకెలు తిరగేసి నాలుగు పుస్తకాలూ మళ్ళీ కలిపాను. కాగితం బయటికొచ్చింది. పాయ పక్క చెరువు వారం కిందటే ఎర్రబడి ఉండాల్సింది. మట్టిలో చెడ్డ జాతులు పెరగడం, నీళ్ళలో ఆకుపచ్చ చుక్కలు, మేత తగ్గడం, అన్నీ వరసగా, పుస్తకంలో పాఠంలా కనిపిస్తున్నాయి. అంత మంచి ప్రోగ్రామది. అప్పుడు కనిపించింది ఇంకొకటి. దాని పక్క చెరువులో కూడా సరిగ్గా అవే గుర్తులు మొదలయ్యాయి. వైరస్ ఇంకా దొరకలేదు. కానీ దారి అదే. వెంటనే పట్టెయ్యాలి.

చెప్పండి, ఏ మొహంతో వెళ్ళాలి? వెళ్ళకపోతే ఇంకో చెరువు పోతుంది. రెండు పోయి, ఒకటి అరకొరగా అమ్మి, మిగిలే ఆ ఒక్క చెరువుతో ఆవిడ మాట నిలబడదు. మర్నాడు బాబాయిగారితో కలిసి వెళ్ళాను.

ఆవిడ కన్నా ముందు బావగారే అందుకున్నారు. "మళ్ళీ కాగితం తెచ్చేరా అండీ? ఓసారి నమ్మి మునిగింది సరిపోలేదేంటండీ? అమ్మాయ్, ఈవిడ మాట విన్నావంటే మాత్రం ఇక నేను ఊరుకునేది లేదు."

న్యాయంగా ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఆ రోజు నాకు కోపం రాలేదు, అది కూడా రాసుకోవాలి.

ఆవిడ కాగితం తీసుకోలేదు. నా మొహంలోకి చూసింది. "ఒకటో చెరువు ఏదండీ మేడంగారూ?"

"పాయ పక్కదమ్మా. నీళ్ళు ముందు తాగేది."

"మరి ఇప్పుడు పట్టమంటన్నది?"

"రెండోది. దాని పక్కది. బాబాయిగారు ఈ పొద్దున్న నా ఎదురుగా మళ్ళీ శాంపిల్ తీశారు. నేను గట్టుమీద నుంచుని చూశాను."

ఆవిడ బాబాయిగారి వైపు తిరిగింది. ఆయన, "ఆయ్, అవునమ్మా," అన్నాడు. ఆ మాట నా కాగితానికి లేని బరువు మోసింది. ఆవిడ లేచి వలవాళ్ళకి కబురు పెట్టింది. బావగారు కండువా దులుపుకుని వెళ్ళిపోయారు.

రెండో చెరువు ఆ సాయంత్రానికే పట్టేశారు. రొయ్య అంతా బతికే ఉంది. సైజు చిన్నదే, అయినా ఉన్నంతకి ధర పలికింది. అందులోంచి తెచ్చిన నాలుగు రొయ్యల్ని రెండ్రోజులు తంటాలు పడి పరీక్ష చేశాను. మూడో రొయ్యలో వైరస్ ఉందని చెప్పే గీత సన్నగా కనిపించింది. ఆ గీత చూసి నేను ఏడ్చాను. జబ్బు కనబడిందని సంతోషించిన లాబు మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. మిగిలిన మూడో చెరువు పూర్తి కాలం పెరిగింది. ఆ ఏడు ఆ చుట్టుపక్కల అంత పెద్ద రొయ్య ఎవరికీ రాలేదు. కింద పద్దెనిమిది చెరువుల వాళ్ళు, తమ చెరువులు ఎందుకు దక్కాయో తెలిసినవాళ్ళు, పెద్దల ముందుకొచ్చి ఆవిడ తరఫున మాట్లాడారట. భర్త గల్ఫునుంచి ఫోనులో ఒక్క మాటే అన్నాడట, "చెరువులు దాని దగ్గరే ఉంచండి అన్నయ్యా" అని. ఇది కూడా బాబాయిగారు చెప్పిందే.

ఈలోగా మేము ప్రతి రైతు దగ్గరికీ వెళ్ళి, నీళ్ళు ఎటునుంచి వస్తాయో అడిగి, పటాలన్నీ తిరగరాశాం. ప్రోగ్రాములో అంకె పక్కనే పేరు కోసం ఇంకో గడి పెట్టించాం. అందులో బాబాయిగారి భారతం మళ్ళీ మొదలైంది. గెలలు పోయిన కొబ్బరిచెట్టు కంప్యూటర్లోకి ఎక్కింది. పదిమంది ముందూ ఆయన్ని అన్నాను కనుక, పదిమంది ముందే ఆయనకి క్షమాపణ చెప్పాను. ఆయన కంగారుపడిపోయి, "అయ్యబాబోయ్, ఊరుకోండమ్మా" అంటూ ఐసు పెట్టె తాడు విప్పడం మొదలుపెట్టాడు.

తర్వాతి పంటకి ఆవిడే కబురు పెట్టింది, శాంపిళ్ళు తీసుకెళ్ళమని. నమ్మలేకపోయాను. పుస్తకం పట్టుకుని గట్టెక్కగానే ఆవిడ నన్ను ఆపింది.

"కోపం పోలేదండి మేడంగారూ. ఉన్నమాటే చెబుతున్నాను. అయినా మీ మిషను కావాలి నాకు. ఈసారి మీరు రాయకండి ముందు. నేను చెబుతాను, ఇనండి."

ఆవిడ ముందు నడిచింది, వెనకాల నేను, నా వెనకాల బాబాయిగారు. పాయ తూము దగ్గర ఆగి, "ఇది ఒకటి," అంది. రాశాను. "ఇది రెండు." రాశాను. "మూడు." రాశాను. రోడ్డు పక్కకి వచ్చాం. నీళ్ళు కొత్తగా పెట్టారు, రొయ్యపిల్ల వేసి వారం కూడా కాలేదు. ఆవిడ అక్కడ ఆగింది. ఆ టపటపలాడిన రొయ్యలు మా ముగ్గురికీ గుర్తొచ్చాయని నాకు తెలుసు.

"నాలుగు అని రాయనాండీ?" అన్నాను.

"అంకె మీ ఇష్టమండి. పక్కన పేరు గడి ఉందన్నారు కదా," అంది. "అందులో 'బాగున్న చెరువు' అని రాయండి."

బాబాయిగారు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను రాశాను. నేను రిటైరయ్యే రోజు దాకా ఆ చెరువు కాగితం మీద ఆ పేరు అలాగే అచ్చయ్యేది.